చలిలో సైకిల్, కాళ్లకు క్రీము: ఆ వేడి ఎక్కడిది, ఎంతవరకు పనికొస్తుంది

చలికాలపు రేసుల్లో కొందరు సైక్లిస్టులు కాళ్లకు ఏ తొడుగూ లేకుండా, షార్ట్స్ మాత్రమే వేసుకుని బరిలో నిలబడతారు. వారి పిక్కలు నూనె రాసినట్లు నిగనిగలాడుతుంటాయి, చర్మం కొద్దిగా ఎర్రబారి ఉంటుంది, దగ్గరకు వెళితే కర్పూరం కలిసిన ఘాటైన వాసన వస్తుంది. వారు రాసుకున్నది ఎంబ్రొకేషన్ క్రీము. రైడర్లు పొట్టిగా ఎంబ్రో అంటారు. రాసుకున్న కాసేపటికి చర్మంలో వేడి పుట్టించే ఈ క్రీములను నేను చలికాలంలో తరచుగా వాడుతుంటాను, ఇష్టంగానే వాడుతుంటాను. అయితే వాటి గురించి కొత్తవారికి అందే సలహాల్లో చాలావరకు సగం నిజాలే ఉంటాయి. ఇది రాసుకుంటే కండరాలు వేడెక్కుతాయని, కాళ్లను పూర్తిగా కప్పే టైట్స్ అవసరం ఉండదని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, మంచు పట్టిన ఉదయాన వట్టి కాళ్లతో బయలుదేరేవారిని చూస్తే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది. ఈ క్రీము చలి తెలియకుండా చేస్తుందే గాని చలిని ఆపదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని వాడితే ఎంతో హాయినిస్తుంది. మరచిపోయి వాడితే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

ముందు ఆ డబ్బాలో ఏముంటుందో చూద్దాం. చాలావరకు ఎంబ్రోల్లో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. మొదటిది జిడ్డు, అంటే పెట్రోలియం జెల్లీ, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్, తేనెమైనం, రకరకాల నూనెలు. రెండోది మంట పుట్టించే సరుకు. చాలా క్రీముల్లో ఇది మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్, లేదా దాదాపు అదే నిర్మాణం గల నోనివమైడ్. కొన్నింటిలో వింటర్‌గ్రీన్ తైలం, అంటే మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. మరికొన్నింటిలో చర్మంలోని సన్నని రక్తనాళాలను విప్పార్చే మిథైల్ నికోటినేట్, బెంజైల్ నికోటినేట్ వంటివి కలుపుతారు. వీటికి తోడుగా కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ తైలం చేరుతాయి. డబ్బా మూత తీయగానే ముక్కును తాకే వాసన వీటిదే. పదార్థాల పట్టిక చదవకుండా ఏ క్రీమునూ కాళ్లకు పట్టించవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే పేరు ఒకటే అయినా క్యాప్సైసిన్ క్రీము ప్రవర్తన వేరు, సాలిసిలేట్ క్రీము ప్రవర్తన వేరు, వాటితో పడవలసిన జాగ్రత్తలూ వేరు.

క్యాప్సైసిన్ పనిచేసే తీరు తెలుసుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. మన చర్మంలోని నాడుల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి తగిలినప్పుడు అది తెరుచుకుని, కాలుతోందన్న కబురు మెదడుకు పంపుతుంది. క్యాప్సైసిన్ అణువు అదే గ్రాహకానికి అతుక్కుని, వేడి ఏమీ లేకుండానే దాన్ని తెరుస్తుంది. కబురు అందుకున్న మెదడుకు నిప్పు తగిలిందో, మిరపసారం తగిలిందో తేడా తెలియదు. ఈ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఉష్ణోగ్రతను, స్పర్శను గ్రహించే గ్రాహకాలపై చేసిన పరిశోధనలకు ఆయనకూ ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మెంథాల్ కథ కూడా ఇలాంటిదే గాని దిశ వేరు. చల్లదనాన్ని గుర్తించే టీఆర్‌పీఎం8 అనే మరో గ్రాహకాన్ని అది తెరుస్తుంది. అందువల్లనే మెంథాల్ ఎక్కువగా ఉన్న నొప్పుల మందును చలిలో కాళ్లకు రాసుకుంటే మొదట వెచ్చదనానికి బదులు వణుకు పుడుతుంది. ఇంట్లో ఉన్న నొప్పుల క్రీమునే ఎంబ్రోగా వాడుకోవచ్చని అనుకునేవారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ క్రీము కండరాలను వేడెక్కిస్తుందా? చెప్పుకోదగినంతగా వేడెక్కించదు. చర్మం కింద కొవ్వు పొర, దాని కింద కండరం ఉంటాయి. క్రీము చేసే పని దాదాపు అంతా పైపొరలోనే జరుగుతుంది. నాడులు రేగడం వల్ల చర్మంలోని సన్నని రక్తనాళాలు విప్పారుతాయి, రక్తం పైకి చేరుతుంది, కాలు ఎర్రబడుతుంది. చర్మం నిజంగానే కొంత వెచ్చబడుతుంది కూడా. అయితే ఆ వెచ్చదనం కొత్తగా పుట్టింది కాదు, ఒంటి లోపలి నుంచి పైకి వచ్చిన వేడి. చలిలో శరీరం సహజంగా చేసే పని దీనికి సరిగ్గా విరుద్ధం: చర్మంలోని నాళాలను బిగించి, వేడి రక్తాన్ని లోపలే ఉంచుకుంటుంది. క్రీము ఆ బిగింపును సడలించి, వేడి రక్తాన్ని గాలికి చేరువగా తెస్తుంది. పైన తొడుగు లేకపోతే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మద్యం తాగినవారికి ఒళ్లు వెచ్చగా అనిపిస్తూనే శరీరం వేడిని కోల్పోవడం కూడా ఈ దారిలోనే జరుగుతుంది. క్రీము రాసే వైశాల్యం చిన్నది కాబట్టి నష్టం ఆ స్థాయిలో ఉండదు గాని, లెక్క మాత్రం లాభం వైపు కాకుండా నష్టం వైపే ఉంటుంది.

చలిలో కండరాన్ని వేడెక్కించేది కండరమే. సైకిల్ తొక్కేటప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో పెడళ్లకు చేరేది సుమారు 20 నుంచి 25 శాతం; తక్కిన దాదాపు అంతా వేడిగా మారుతుంది. పెడళ్ల మీద 200 వాట్లు పెట్టే రైడర్ ఒంట్లో 600 నుంచి 800 వాట్ల వేడి పుడుతుందన్నమాట. అంతటి కొలిమి లోపల మండుతుండగా, పిక్కల మీద పూసిన పలచని క్రీము పొర దానికి కొత్తగా చేర్చగలిగింది ఏమీ ఉండదు. కండరం చల్లబడితే శక్తి తగ్గుతుందన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్కో డిగ్రీ తగ్గుదలకు గరిష్ఠ సామర్థ్యం కొన్ని శాతం చొప్పున పడిపోతుంది. అందుకు విరుగుడు నెమ్మదిగా మొదలుపెట్టి, తేలిక గేరులో చక్కగా వార్మప్ చేయడం, పుట్టిన వేడిని బట్టతో కాపాడుకోవడం. క్రీము పట్టించాం కదా అని వార్మప్ మానేసేవారున్నారు. వెచ్చగా ఉన్న చర్మం కింద చల్లగా బిగుసుకున్న కండరంతో స్ప్రింటుకు దిగడం ఎంత అవివేకమో వేరే చెప్పనక్కరలేదు.

మరి నేనెందుకు వాడతాను? ఇందుకు మూడు కారణాలున్నాయి, వాటిలో మొదటిది వాన. చలికి తడి తోడైతే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది; నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. లెగ్ వార్మర్లు, అంటే కాళ్లకు విడిగా తొడుక్కునే గుడ్డ తొడుగులు, వానలో తడిసి, బురద పట్టి, బరువెక్కి, చల్లటి గుడ్డల్లా కాళ్లకు అంటుకుపోతాయి. జిడ్డు పూసిన చర్మం మీద నీరు నిలవదు. ముందు చక్రం చిమ్మిన నీళ్లు పిక్కల మీద పడి, చిన్న చిన్న బిందువులై, పెడల్ తిరిగే ఊపుకు చీలమండ వైపు జారిపోవడం తొక్కుతూనే చూడవచ్చు. నా దృష్టిలో ఎంబ్రోలోని అసలు విలువ ఈ జిడ్డులోనే ఉంది, మంటలో కాదు. బురద, గడ్డి దారుల్లో సాగే సైక్లోక్రాస్ రేసుల్లో, వాన పడే రోడ్డు రేసుల్లో కాళ్లకు తొడుగులు వదిలి క్రీము రాసుకునే ఆనవాయితీ బలపడడానికి ప్రధాన కారణం ఇదే. పోటీ గంటసేపే ఉంటుంది, రైడర్ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు పూర్తి బలంతో తొక్కుతాడు, ముగియగానే ఎవరో ఒకరు కోటు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఆ మూడు షరతులూ లేని మామూలు రైడ్‌కు ఆ ఆనవాయితీని ఎత్తుకొచ్చి అతికించడం సరికాదు.

రెండో కారణం మర్దన. క్రీము పట్టించాలంటే కాళ్లను పది నిమిషాలు రుద్దాలి, రుద్దడం వల్ల కాళ్లు వదులవుతాయి, ఆ పది నిమిషాల్లో మనసు కూడా రైడ్‌కు సిద్ధపడుతుంది. యూరప్ వృత్తి జట్లలో రేసుకు ముందు రైడర్ల కాళ్లకు క్రీము పట్టించే పని మర్దనకారులదే. బెల్జియం వసంతకాలపు రేసుల వాతావరణంలో ఆ వాసన ఒక భాగమైపోయింది. మూడో కారణం చెప్పడానికి చాలా సాదాగా ఉంటుంది: బాగుంటుంది. చల్లని గాలి కోస్తున్నప్పుడు కాళ్లలో సన్నగా వెచ్చదనం పాకుతుంటే బయలుదేరడానికి బద్ధకం వేయదు. చలికాలంలో సైకిల్‌ను గదిలో మూలన పెట్టేయకుండా చేసే ఏ ఉపాయమైనా మంచిదేనని నేను నమ్ముతాను, అది కేవలం అనుభూతి మాత్రమే అయినా సరే.

గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది థర్మామీటరు చూసి దుస్తులు ఎంచుకుంటారు గాని తమ వేగాన్ని లెక్కలోకి తీసుకోరు. గాలి లేని రోజైనా సరే, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారు తమ గాలిని తామే పుట్టించుకుంటారు. అమెరికా, కెనడాల్లో 2001 నుంచి వాడుతున్న సూత్రం ప్రకారం 5 డిగ్రీల వాతావరణంలో ఆ వేగంతో వెళ్లే వ్యక్తి చర్మానికి తగిలే చలి సుమారు 0 డిగ్రీలతో సమానం. 0 డిగ్రీల వద్ద గంటకు 40 కిలోమీటర్లతో పల్లంలోకి దిగితే అది దాదాపు మైనస్ 7కు చేరుతుంది. ఎక్కేటప్పుడు ఒంట్లో వేడి పుష్కలంగా పుడుతుంది, గాలి తక్కువగా ఉంటుంది. దిగేటప్పుడు పెడళ్లు తిరగవు, గాలి రెట్టింపవుతుంది. క్రీము వల్ల విప్పారిన రక్తనాళాలకు ఈ మార్పు తెలియదు, అవి అలాగే తెరుచుకుని ఉంటాయి.

దిగేటప్పటి చలి ఏం చేయగలదో సైక్లింగ్ చరిత్రలో 1988 నాటి జిరో డి ఇటాలియా, అంటే ఇటలీలో రోజుల తరబడి సాగే పెద్ద రేసు, చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించలేదు. ఆ ఏడాది జూన్ 5న, 2,600 మీటర్లకు పైగా ఎత్తున్న గావియా కనుమ మీద మంచు తుఫాను కురిసింది. శిఖరాన్ని అందరికంటే ముందు దాటిన డచ్ రైడర్ జోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల జెర్సీలోనే ఉన్నాడు. దిగువకు వస్తూ చలికి తాళలేక ఆగిపోయి, ముప్పావు గంటకు పైగా సమయం పోగొట్టుకున్నాడు. ఆండీ హాంప్‌స్టెన్ జట్టువారు ఆ ఉదయం స్కీయింగ్ సామగ్రి అమ్మే దుకాణాల నుంచి వెచ్చని చేతి తొడుగులు, టోపీలు కొని తెచ్చారు. హాంప్‌స్టెన్ ఆ రోజు మొత్తం రేసులో ముందంజలో ఉన్నవారికిచ్చే గులాబీ జెర్సీ సంపాదించి, చివరకు జిరో గెలిచిన తొలి అమెరికన్ అయ్యాడు. అంతకు ముందు 1980లో, బెల్జియంలో జరిగే ఒక్కరోజు రేసు లియెజ్-బాస్తోన్-లియెజ్‌లో మంచు కురుస్తుండగా 174 మంది బయలుదేరితే 21 మందే గమ్యం చేరారు. తొమ్మిది నిమిషాలకు పైగా ఆధిక్యంతో గెలిచిన ఫ్రెంచ్ రైడర్ బెర్నార్ ఈనోకు రెండు వేళ్లలో ఆ చలి తాలూకు బాధ శాశ్వతంగా మిగిలిపోయింది. ఆ బాధ మిగిలింది కాళ్లలో కాదు, చేతివేళ్లలో. చలిలో ముందుగా దెబ్బతినేవి వేళ్లు, కాలి వేళ్లు, చెవులు. వాటికి ఏ క్రీమూ తోడు రాదు.

అందువల్ల నా పద్ధతి ఇలా ఉంటుంది. ఉష్ణోగ్రత 8 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండి, రైడ్ రెండు గంటలకు లోపు, గట్టిగా తొక్కేది అయితే, ముఖ్యంగా వాన సూచన ఉంటే, క్రీము రాసుకుంటాను. మోకాళ్లకు మాత్రం అప్పుడు కూడా చాలాసార్లు తొడుగులు వేస్తాను. మోకాలి ముందు భాగంలో కొవ్వు గాని కండరం గాని పెద్దగా ఉండవు, మోకాలిచిప్ప స్నాయువు చర్మానికి ఆనుకునే ఉంటుంది, గాలి నేరుగా అక్కడే తగులుతుంది. 8 డిగ్రీల కంటే తగ్గితే టైట్స్ వేసుకుంటాను, చర్చ అక్కడితో ముగుస్తుంది. ఎవరికి వారు తమ ఒంటి తత్వాన్ని బట్టి ఈ అంకెలను కొంచెం అటూ ఇటూ జరుపుకోవచ్చు. రోజంతా సాగే రైడ్‌కు, మధ్యలో ఎక్కువసేపు ఆగే రైడ్‌కు, ఎండ కాసే సూచన ఉన్న రోజుకు క్రీము తగదు. లెగ్ వార్మర్లయితే వేడెక్కగానే తీసి జేబులో పెట్టుకోవచ్చు. కాళ్లకు పట్టించిన మిరపసారాన్ని దారిలో తీసివేసే ఉపాయం లేదు. మధ్యాహ్నపు ఎండలో ఆ మంట రెట్టింపై, కాళ్లు ఎక్కడ దాచుకోవాలో తెలియని స్థితి ఏర్పడుతుంది.

రాసుకోవడానికి ఒక వరుస ఉంది, దాన్ని తప్పకూడదు. రాపిడి తగలకుండా షార్ట్స్ లోపలి ప్యాడ్‌కు, తొడల సందులకు రాసుకునే మామూలు క్రీము ముందు, తర్వాత షార్ట్స్, సాక్సులు తొడుక్కోవాలి, ఎంబ్రో ఆఖరున. ఈ వరుస తారుమారైతే షార్ట్స్ పైకి లాగేటప్పుడు వాటి లోపలి బట్ట కాలి మీది మంటనంతా తుడుచుకుంటూ పోయి, అత్యంత సున్నితమైన చోటికి చేరుస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు డబ్బా మూత తీయకముందే పెట్టుకోవాలి. చేతులకు పలచని నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుంటే సగం చిక్కులు తప్పుతాయి.

చలికి డబ్బాలోని క్రీము మైనంలా గట్టిపడి ఉంటుంది. బొటనవేలితో గీరి, అరచేతుల మధ్య రుద్ది కరిగించి, చీలమండ పైనుంచి మొదలుపెట్టి గుండె వైపుగా, పైకి పైకి పట్టించాలి. ఒక్కో కాలికి ఉసిరికాయంత కూడా అక్కర్లేదు; శనగగింజంత తీసుకుని, చాలకపోతే మరికొంత తీసుకోవడం మంచిది. పిక్కల వెనుక, తొడ ముందు భాగాన పట్టించవచ్చు. మోకాలి వెనుక గుంతలో చర్మం చాలా పలచన, చెమట కూడా అక్కడే చేరుతుంది, కాబట్టి ఆ చోటు వదిలేయాలి. షార్ట్స్ అంచుకు నాలుగు వేళ్ల కింద ఆపేయాలి, ఎందుకంటే తొక్కేకొద్దీ చెమటతో కలిసి క్రీము ఆ అంచు కిందికి పాకుతుంది. కాళ్లపై వెంట్రుకలు గీసుకునేవారు ఆ పని ముందు రోజు రాత్రే ముగించుకోవాలి. అప్పుడే గీసిన చర్మం మీద కంటికి కనిపించని గాట్లు ఎన్నో ఉంటాయి, ప్రతి గాటూ ఒక్కో నిప్పురవ్వ అవుతుంది.

రాసుకున్న వెంటనే ఏమీ తెలియదు. ఇక్కడే చాలామంది తొందరపడి ఇంకో పూత పూస్తారు. క్యాప్సైసిన్ చర్మంలోకి ఇంకడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది, ఒళ్లు వేడెక్కి చెమట పట్టినప్పుడు మంట ఒక్కసారిగా పుంజుకుంటుంది. కాబట్టి ఇంట్లో ఉండగా ఏ మాత్రం సరిపోయినట్లు అనిపించినా, రోడ్డు మీద అది ఎక్కువే అవుతుంది. కొత్త డబ్బా కొన్నప్పుడు ఒక రోజు ముందుగా ముంజేతి లోపలి వైపు కొంచెం రాసి, మర్నాటి వరకు దద్దుర్లు, బొబ్బలు రాలేదని చూసుకున్న తర్వాతే కాళ్లకు వాడాలి. తయారీదారులు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ఘాటును మూడు రకాలుగా చెబుతుంటారు. మొదటిసారి వాడేవారు తక్కువతోనే మొదలుపెట్టాలి. తరచుగా వాడేవారిలో నాడుల కొసలు క్యాప్సైసిన్‌కు మొద్దుబారతాయి. ఈ గుణాన్నే వైద్యులు నాడీ నొప్పులకు చికిత్సగా వాడుతున్నారు; నొప్పి క్రీముల్లో 0.025 నుంచి 0.075 శాతం ఉండే క్యాప్సైసిన్‌ను 8 శాతం వరకు చేర్చిన పట్టీలు వైద్యుల పర్యవేక్షణలో వాడడానికి ఉన్నాయి. రైడర్ విషయంలో ఇది మంచి సంకేతం కాదు. మునుపటి మంట రావడం లేదని ఇంకా ఘాటైన డబ్బాకు మారే బదులు కొన్ని వారాలు మానేయడం మేలు.

ఇంటికి చేరిన తర్వాత చేసే పని రాసుకోవడం కంటే ముఖ్యమైనది. నేరుగా వేడినీళ్ల కింద నిలబడితే ఏమవుతుందో అనుభవించినవారు మళ్లీ ఆ పని చేయరు. క్యాప్సైసిన్ పట్టిన గ్రాహకం 43 డిగ్రీల దాకా ఆగదు. దాని హద్దు కిందికి దిగిపోతుంది, మామూలు గోరువెచ్చని నీళ్లు కూడా మరిగే నీళ్లలా తోస్తాయి. అదీగాక క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. నీళ్లు పోస్తే అది వదలకపోగా, కాలి మీది నుంచి పాదాలకు, పాదాల నుంచి వేళ్ల సందులకు పాకుతుంది. అందుకని షార్ట్స్ ఇంకా ఒంటి మీద ఉండగానే, ఏదైనా వంటనూనె కొద్దిగా కాళ్లకు రాసి, పాత గుడ్డతో పై నుంచి కిందికి, షార్ట్స్ అంచుకు దూరంగా తుడిచేయాలి. ఒకసారి తుడిచిన గుడ్డ మడత మార్చి మళ్లీ తుడవాలి. మొదటి మడతలో గోధుమరంగు జిడ్డు, రోడ్డు ధూళి కలిసి వస్తాయి, రెండో మూడో మడతకు గుడ్డ దాదాపు శుభ్రంగా ఉంటుంది. తర్వాత చల్లని నీళ్లు, సబ్బుతో కాళ్లు కడిగి, చేతులు విడిగా మరోసారి కడుక్కుని, అప్పుడు షార్ట్స్ జాగ్రత్తగా విప్పి స్నానానికి వెళ్లాలి. కాంటాక్ట్ లెన్సులు తీయడం, కళ్లు నులుముకోవడం, మూత్రవిసర్జన, చిన్నపిల్లలను ఎత్తుకోవడం ఇవన్నీ చేతులు శుభ్రమయ్యాకే.

సాలిసిలేట్, మెంథాల్ క్రీముల విషయంలో వైద్యపరమైన హెచ్చరికలు కూడా ఉన్నాయి, వాటిని తేలికగా తీసుకోకూడదు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, క్యాప్సైసిన్ ఉన్న నొప్పుల క్రీములు కొందరిలో నిజమైన కాలిన గాయాలు కలిగించాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 సెప్టెంబరులో ప్రకటించింది. తీవ్రమైన గాయాల్లో ఎక్కువ భాగం మెంథాల్ 3 శాతానికి, మిథైల్ సాలిసిలేట్ 10 శాతానికి మించి ఉన్న ఉత్పత్తుల వల్లనే కలిగాయి. పూసిన చోట గట్టిగా కట్టు కట్టవద్దని, హీటింగ్ ప్యాడ్ వంటివి పెట్టవద్దని ఆ హెచ్చరిక చెప్పింది. ఒంటికి బిగుతుగా అంటుకునే టైట్స్ కూడా కట్టు లాంటివే, కాబట్టి ఘాటైన క్రీము మీద వాటిని వేసుకోవడం నాకు సమ్మతం కాదు. మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది, చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది. ఆస్పిరిన్ పడనివారు, రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా దాని జోలికి పోకూడదు. గర్భిణులు, పిల్లలు ఈ క్రీములకు దూరంగా ఉండాలి. గాయాలు, తామర, ఎండకు కమిలిన చర్మం ఉన్నచోట ఏ రకమైనా పూయకూడదు. మంట సాధారణ స్థాయి దాటి నొప్పిగా మారినా, బొబ్బ లేచినా, వెంటనే తుడిచేసి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించేది మాత్రం కాలిన గాయం కాదు. చలి తన రాకను మనకు ముందుగా చర్మం ద్వారానే తెలియజేస్తుంది. కాళ్లు జివ్వుమంటాయి, మొద్దుబారతాయి, అప్పుడు మనం వెనక్కి తిరుగుతాం లేదా ఇంకో పొర తొడుక్కుంటాం. క్రీము ఆ కబురు అందకుండా చేస్తుంది. ఇంటికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ట్యూబ్ పంక్చరయిందనుకోండి. అప్పటిదాకా ఒంట్లో పుట్టిన వేడి ఆగిపోతుంది, చెమటతో తడిసిన జెర్సీ చల్లబడుతుంది, గ్లోవ్స్ తీసి టైరు విప్పవలసి వస్తుంది. కాళ్లు మాత్రం వెచ్చగా ఉన్నామనే చెబుతుంటాయి. అలాంటప్పుడు కాళ్ల మాట వినకూడదు. వేళ్లు బ్రేకు లివరును సరిగా పట్టగలుగుతున్నాయా, మాట తడబడుతోందా, ఒళ్లు వణుకుతోందా అని చూసుకోవాలి. క్రీము రాసుకుని వెళ్లే రోజున వెనుక జేబులో గాలిని ఆపే పలచని జాకెట్టు తప్పనిసరిగా ఉండాలనీ, ఆగిన మరుక్షణమే, ట్యూబ్ చేతిలోకి తీసుకోకముందే, దాన్ని తొడుక్కోవాలనీ నేను పట్టుబడతాను. బృందంగా వెళ్లేటప్పుడు వట్టి కాళ్లతో వచ్చినవారి మీద మిగతావారు ఒక కన్నేసి ఉంచడం కూడా మంచిది, ఎందుకంటే తమ పరిస్థితి చివరిగా తెలిసేది వారికే.

జిడ్డు విలువ గురించి పైన చెప్పాను కాబట్టి ఒక మధ్యేమార్గం కూడా చెప్పి ముగిస్తాను. మంట పుట్టించే సరుకు ఏదీ లేకుండా, లానోలిన్, తేనెమైనం, నూనెలతో మాత్రమే చేసిన రకాలూ ఉన్నాయి. అవి దొరకకపోతే మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. 1926లో ఇంగ్లిష్ చానల్ ఈదిన తొలి మహిళ గెర్ట్రూడ్ ఎడెర్లే కూడా నీళ్లలోకి దిగేముందు ఒళ్లంతా జిడ్డు పూసుకుంది. అలాంటి పూత వాననీటిని జార్చేస్తుంది, గాలికి చర్మం పగలకుండా చూస్తుంది, చలిని మాత్రం మన నుంచి దాచదు. ఇటీవల వాన రోజుల్లో నేను ఎక్కువగా దీన్నే ఎంచుకుంటున్నాను, ఘాటైన డబ్బాను పొడవు తక్కువ రేసులకు అట్టిపెట్టుకుంటున్నాను. ఏది వాడినా ఆ రోజు వేసుకున్న షార్ట్స్‌ను, తుడిచిన గుడ్డను మిగతా బట్టల్లో కలపకుండా విడిగా నానబెట్టి ఉతకండి. క్యాప్సైసిన్ ఒక్క ఉతుకుకు పూర్తిగా పోదు, తర్వాతి రైడ్‌లో చెమట పట్టగానే మళ్లీ లేస్తుంది.